మాడపాటి హనుమంతరావు పంతులు

హైదరాబాదు నగరములో బషీర్‌బాగునుండి బయలుదేరి కొంతదూరము నడచినచో నారాయణగూడ వచ్చును. దానికి చేరువనే చిక్కడపల్లియు, అశోక్‌నగరును ఉన్నవి. పాఠశాలలు, కళాశాలలు, గ్రంథాలయము గల ఈ ప్రాంతము నిత్యము విద్యార్థులతో కలకలలాడుచుండును. ఉదయవేళ బాలికలు పుస్తకముల సంచులతో గుంపులు గుంపులుగా బడికి పోవుట ఇచ్చట ప్రతిదినము కానవచ్చెడి దృశ్యము. దానిని చూచి నేడెవ్వరును ఆశ్చర్యపడరు. కాని సుమారు నూరేండ్ల క్రిందట ఇదే నగరమున తెలుగు బాలిక తన మాతృభాషలో ఉన్నతపాఠశాల చదువు చదువుకొనుటకు తావు లేకుండెను. ఆ లోటును తీర్చుటకు పూనుకొన్నవారిలో అగ్రగణ్యులు మాడపాటి హనుమంతరావు పంతులుగారు.

ఆయన సంపన్నుల యింట పుట్టినవారు కారు. కచ్చేరిలో చిన్న గుమాస్తాగా జీవితము నారంభించినవారు. తనలోని శక్తిని తానే గుర్తించి, దానిని దినదినము పెంచుకొని, పిదప అట్టి శక్తియే తన చుట్టునున్న సామాన్యజనులలోను దాగియున్నదని నమ్మి, దానిని మేల్కొల్పుటకు జీవితమంతయు ధారపోసినవారు. అందువలననే ప్రజలు వారిని ఆంధ్రపితామహుడని గౌరవించిరి.

హనుమంతరావుగారు 1885వ సంవత్సరము జనవరి 22వ తేదీన కృష్ణాజిల్లా నందిగామ తాలూకాలో జన్మించిరి. తండ్రి వెంకటప్పయ్యగారు, తల్లి వెంకటసుబ్బమ్మగారు. పసితనముననే తండ్రి మరణించుటచే కుటుంబమునకు ఆధారము తప్పినది. అప్పుడు మేనమామగారు ఆదరించి వారిని సూర్యాపేటకు తోడ్కొనిపోయిరి. సూర్యాపేట నాడు నిజాము రాష్ట్రములోనిది. ఆ రాష్ట్రమున రాజభాష ఉర్దూ. కచ్చేరులలో గాని, న్యాయస్థానములలో గాని, బడులలో గాని ఉర్దూదే పెత్తనము. జనులలో దాదాపు సగముమంది తెలుగు మాటాడువారే యైనను ఆ భాషకు ఇంటి గడప దాటినచో ఆదరణ లేకుండెను.

ఇట్టి పరిస్థితులలో చదువు మొదలుపెట్టిన బాలునికి రెండు దారులు కన్పట్టును. రాజభాషను నేర్చి, ఉద్యోగము సంపాదించి, ఇంటిభాషను మరచిపోవుట ఒకటి. రాజభాషపై కినుక వహించి చదువునకే దూరమగుట రెండవది. హనుమంతరావుగారు ఈ రెంటిని కాదని మూడవదారి త్రొక్కిరి. ఉర్దూను, పారశీకమును శ్రద్ధగా నేర్చిరి. ఇంగ్లీషు నేర్చిరి. తెలుగును విడువలేదు సరికదా, మిగిలిన భాషలలో తాము గ్రహించిన మంచినంతయు తెలుగునకు చేర్పవలెనని సంకల్పించుకొనిరి. ఏ భాషపైనను వారికి ద్వేషము లేదు. తన భాష తక్కువదను భావమును మాత్రము వారు మనస్సున చేరనీయలేదు.

మెట్రిక్యులేషను ముగిసిన వెనుక కుటుంబస్థితినిబట్టి వారు ఉద్యోగమున ప్రవేశింపవలసివచ్చెను. హనుమకొండలో విద్యాశాఖ కార్యాలయమున గుమాస్తా పని దొరకినది. నాటి దినములలో సర్కారు కొలువు దొరకుటయే భాగ్యము. పగలంతయు కాగితములు వ్రాసి, సాయంకాలము ఇల్లు చేరి, జీతమునకై ఎదురుచూచుచు కాలము గడపినచో వారిని తప్పుపట్టువారు లేరు. కాని పంతొమ్మిదేండ్ల ఆ యువకునికి పగటిపని ముగియుటతో దినము ముగిసినట్లు తోచలేదు. 1904లో హనుమకొండలో రాజరాజనరేంద్రాంధ్ర భాషానిలయమను గ్రంథాలయము వెలసినది. దాని స్థాపనలో పాల్గొని వారు తెలుగు పుస్తకములను, పత్రికలను పదిమందికి అందుబాటులోనికి తెచ్చిరి. చదువుకొనుటకు తమకు తావు లేనప్పుడు ఆ తావును తామే కల్పించుకొనుట, తమతోపాటు ఇతరులకును దానిని పంచియిచ్చుట అను గుణము వారియందు ఆనాడే పొడకట్టినది.

కొన్ని సంవత్సరములకు వారు హైదరాబాదు చేరిరి. న్యాయశాఖకు సంబంధించిన కార్యాలయమున అనువాదకుని పని చేయుచు, తీరిక వేళలలో న్యాయశాస్త్రము చదివిరి. సంసారభారము మోయుచు, పగలు కొలువు చేయుచు, రాత్రులు కష్టమైన గ్రంథములను పఠించుట ఎంత ప్రయాసమో అనుభవించినవారికే తెలియును. పట్టువిడువక చదివి పరీక్షలో ఉత్తీర్ణులై, 1917లో వారు వకీలువృత్తి నారంభించిరి. అప్పటికి వారి వయస్సు ముప్పదిరెండేండ్లు. స్థిరమైన జీతమును వదలుకొని, ఫలము ఎట్లుండునో తెలియని వృత్తిలోనికి దిగుట సాహసమే. కాని వారి ధైర్యము వట్టి ఊహపై నిలిచినది కాదు. ఏండ్లతరబడి దీపము ముందు కూర్చుండి సంపాదించిన విద్యపై నిలిచినది.

ఈ మధ్యకాలమున వారి కలము కూడ ఊరకుండలేదు. తెలుగులో కథానిక అప్పుడప్పుడే మొలకెత్తుచున్నది. వారు కథలు వ్రాసి మల్లికాగుచ్ఛమను సంపుటముగా వెలువరించిరి. ప్రేమ్‌చందు కథలను కొన్నింటిని తెలుగువారికి పరిచయము చేసిరి. ఉర్దూ పత్రికలకును వ్యాసములు వ్రాసిరి. నగరమున 1901లో స్థాపింపబడిన శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయమునకు చాలకాలము కార్యదర్శిగా నుండి దాని అభివృద్ధికి పాటుపడిరి.

ఇట్లుండగా 1921వ సంవత్సరము నవంబరు నెలలో ఒక సంఘటన జరిగినది. హైదరాబాదులోని వివేకవర్ధని నాటకశాలలో సంఘసంస్కరణ మహాసభ సమావేశమైనది. స్త్రీవిద్యకై జీవితము నర్పించిన మహారాష్ట్ర మహనీయుడు ధోండో కేశవ కర్వే దానికి అధ్యక్షులు. వక్తలు కొందరు ఇంగ్లీషులోను, కొందరు ఉర్దూలోను, కొందరు మరాఠీలోను ప్రసంగించిరి. సభ శ్రద్ధతో ఆలకించెను. పిదప అల్లంపల్లి వెంకటరామారావను న్యాయవాది లేచి తెలుగులో మాటాడ నారంభించెను. వెంటనే సభలో అల్లరి బయలుదేరినది. కొందరు చప్పట్లు చరచిరి, కొందరు కేకలు వేసిరి. ఆయన ప్రసంగము సాగనేలేదు.

తెలుగువారు అధికసంఖ్యలో నున్న రాజ్యమున, దాని రాజధానీనగరమున, తెలుగు మాట వినవచ్చుటయే నవ్వులపాలైనది. ఆ సభలోనున్న తెలుగువారికి తల కొట్టివేసినట్లయ్యెను. అవమానము కలిగినప్పుడు మనుష్యులు సాధారణముగా రెండు విధముల ప్రవర్తింతురు. కొందరు తలవంచుకొని వెడలిపోవుదురు. కొందరు కోపముతో ఎదుటివారిని నిందింతురు. ఆనాటి తెలుగువారు ఈ రెండును చేయలేదు. 12వ తేదీ రాత్రి వారిలో కొందరు టేకుమాల రంగారావుగారి యింట సమావేశమై, తమ జాతి ఇట్టి దుస్థితికి వచ్చుటకు కారణమేమని ఆలోచించిరి. లోపము ఎదుటివారి నవ్వులోకంటె తమ అనైక్యతలోను, తమ విద్యాహీనతలోను ఎక్కువగా నున్నదని వారు గ్రహించిరి. ఆ రాత్రియే ఆంధ్రజనసంఘము పుట్టినది. దాని కార్యభారమును వహించినవారిలో ముఖ్యులు హనుమంతరావుగారు.

సంఘము పెట్టుట సులభము, దానిని నడపుట కష్టము. హనుమంతరావుగారు పేరుకు మాత్రమే కార్యదర్శి కారు. ఊరూరికి ఉత్తరములు వ్రాసిరి. గ్రంథాలయములు, పఠనమందిరములు స్థాపింపుడని ప్రోత్సహించిరి. సంఘము యొక్క కృషివలన తెలంగాణమున మారుమూలలనున్న శాసనములను, తాళపత్రగ్రంథములను సేకరించుట కూడ ఆరంభమైనది. తన పూర్వులు ఎంతటివారో తెలియనివాడు తాను ఎంతటివాడు కాగలడో ఊహింపజాలడు. తెలుగువారు తమ చరిత్రను ఎరిగినచో ఆత్మగౌరవము దానంతట అదే కలుగునని సంఘమువారి నమ్మకము.

అప్పటి పల్లెలలో వెట్టిచాకిరి జనులను పీడించుచుండెను. అధికారి ఊరికి వచ్చినచో కుమ్మరి నీరు మోయవలెను, చాకలి ఇంటిపనులు చేయవలెను, మరియొకడు సామాను నెత్తిన పెట్టుకొని తరువాతి గ్రామమువరకు చేర్పవలెను. వర్తకుడు సరకులను ఊరకయో, అడిగిన ధరకో ఈయవలసివచ్చెడిది. ఇట్టి పనులలో కొన్నింటిని నిషేధించుచు ప్రభుత్వమే పూర్వము ఉత్తర్వులు వెలువరించియుండెను. కాని ఆ ఉత్తర్వులు ఉర్దూలో నుండెను, కచ్చేరి బీరువాలలో నుండెను. చదువురాని పల్లీయుడు వాని నెరుగడు. ఎరిగిన అధికారి వానిని చెప్పడు. హనుమంతరావుగారును, వారి సహచరులును ఆ చట్టములను వెదకి తీసి, సులభమైన తెలుగులో చిన్న చిన్న పుస్తకములుగా అచ్చువేసి పంచిపెట్టిరి. తనకు గల హక్కు ఏమో తెలిసిన దినమున బక్కరైతు సైతము తల యెత్తి మాటాడగలడని వారికి తోచినది. చిన్ననాట కచ్చేరిలో నేర్చిన ఉర్దూయు, రాత్రులు చదివిన న్యాయశాస్త్రమును ఇట్లు వేలాది జనులకు అక్కరకు వచ్చినవి.

హనుమంతరావుగారి కార్యములలో నారాయణగూడ పాఠశాలయే మిక్కిలి కష్టమైనది, మిక్కిలి ఫలవంతమైనది కూడ. నిజాము రాష్ట్రమున బాలుర చదువే అంతంతమాత్రము. ఇక బాలికల సంగతి చెప్పనక్కరలేదు. ఉన్న బడులలో ఉర్దూలో బోధన జరుగుచుండెను. తెలియని భాషలో చదువు చెప్పుచున్న బడికి ఆడపిల్లలను పంపుటకు తెలుగు తల్లిదండ్రులు ఇష్టపడరైరి. పిల్ల రెండక్షరములు నేర్చినచో చాలునని కొందరును, అదియు వలదని కొందరును తలంచుచుండిరి. బాలికలలో శక్తి లేకపోలేదు, దానిని వెలికి తెచ్చు మార్గము లేకుండెను. మాతృభాషలో బోధించినచో ఈ బాలికలే ఎవరికిని తీసిపోరని హనుమంతరావుగారు విశ్వసించిరి. వడ్లకొండ నరసింహారావుగారు మొదలగు మిత్రులతో కలిసి 1928లో ఆంధ్ర బాలికల ఉన్నత పాఠశాలను స్థాపించిరి. నగరపు కొత్వాలుగా పేరుపొందిన రాజాబహద్దూరు వెంకటరామారెడ్డిగారి అండ ఈ సంస్థకు లభించినది.

పాఠశాల తెరచినంతమాత్రాన కష్టములు తీరలేదు. ఇల్లిల్లు తిరిగి తల్లిదండ్రులకు నచ్చజెప్పవలెను. ఉపాధ్యాయినులను వెదకి తేవలెను. ప్రతిమాసము జీతములకు ధనము సమకూర్పవలెను. వీని అన్నింటికంటె పెద్ద చిక్కు మరియొకటి ఎదురైనది. బోధన తెలుగులో జరుగుచుండుటచే ఆ పాఠశాలకు రాష్ట్రమున పరీక్షలకై గుర్తింపు లభింపలేదు. 1918లో నెలకొన్న ఉస్మానియా విశ్వవిద్యాలయమునకు బోధనభాష ఉర్దూ. బాలికలు ఎంత బాగుగ చదివినను, చివరకు కూర్చుండుటకు పరీక్ష లేనిచో ఆ చదువునకు విలువ ఏమున్నది? తెలుగును విడిచిపెట్టినచో గుర్తింపు వచ్చును. గుర్తింపును విడిచిపెట్టినచో పాఠశాల నిలువదు. ఎవరికైనను దిక్కుతోచని స్థితి అది.

హనుమంతరావుగారు రెంటిలో దేనిని విడువలేదు. కర్వే మహాశయుడు 1916లో పూనాలో మహిళా విశ్వవిద్యాలయమును స్థాపించియుండెను. స్త్రీలకు మాతృభాషలోనే ఉన్నతవిద్య నేర్పవలెనన్నది దాని ఆశయము. హనుమంతరావుగారు తమ పాఠశాలను ఆ విశ్వవిద్యాలయముతో అనుబంధింపజేసి, నారాయణగూడ బాలికలు దాని పరీక్షలకు పోవునట్లు ఏర్పాటు చేసిరి. ఏ మహనీయుని అధ్యక్షతన జరిగిన సభలో తెలుగు మాట అల్లరిపాలైనదో, ఆ మహనీయుని విద్యాసంస్థయే తెలుగు బాలికలకు ఆశ్రయమైనది. నవ్వినవారికి కోపముతో బదులు చెప్పియున్నచో ఈ ఫలము కలిగియుండెడిది కాదు. తెలుగులో చదివి పరీక్షలలో నెగ్గిన ప్రతి బాలికయు ఆనాటి నవ్వునకు తగిన సమాధానమే అయ్యెను.

పాఠశాల క్రమముగా వృద్ధి పొందినది. అచ్చట చదివిన బాలికలు తాము తమ యిండ్లలో మొదటి విద్యావంతులై తరువాతి తరమునకు దారి చూపిరి. ఆ పాఠశాల పిదప హనుమంతరావుగారి పేరనే ప్రసిద్ధి చెందినది.

ఈలోపల ఆంధ్రజనసంఘము ఆంధ్రమహాసభగా పెరిగినది. ఆ కాలమున సభ జరుపుకొనుటయు సులభము కాదు. 1929లో వెలువడిన గస్తీ నిషాన్ తిర్పన్ అను ఉత్తర్వు సభలపై కఠినమైన కట్టుబాట్లు విధించెను. అయినను 1930లో జోగిపేటలో సురవరము ప్రతాపరెడ్డిగారి అధ్యక్షతన మొదటి ఆంధ్రమహాసభ జరిగినది. 1935లో సిరిసిల్లలో జరిగిన నాల్గవ మహాసభకు హనుమంతరావుగారు అధ్యక్షులైరి. మహాసభతోపాటు ఆంధ్రమహిళాసభయు జరుగుచుండెను. సిరిసిల్లలో దానికి అధ్యక్షత వహించినవారు వారి సతీమణి మాణిక్యమ్మగారు. పరుల బాలికలకు చదువు కావలెనని చెప్పి, తన యింటి స్త్రీలను మరుగున నుంచువారు లోకమున పెక్కురు. హనుమంతరావుగారి మాటకును, నడతకును అట్టి భేదము లేకుండెను.

కాలము మారుచుండెను. 1940 తరువాత యువకులు మహాసభలో అధికసంఖ్యలో చేరిరి. అర్జీలతోను, వినతులతోను పని జరుగదని, ప్రజాపోరాటమే కావలెనని వారు తలంచిరి. హనుమంతరావుగారి మార్గము వారికి మిక్కిలి నెమ్మదిగా తోచినది. మహాసభ చీలినది. నాయకత్వము ఇతరుల చేతులలోనికి పోయినది. తాను పెంచిన చెట్టుక్రింద తనకే నీడ దొరకని స్థితి ఎవరికైనను బాధాకరము. కాని వారు యువకులతో కలహమునకు దిగలేదు, తమ పనిని మానలేదు. పాఠశాలను, గ్రంథాలయములను కనిపెట్టుకొనియుండిరి. ఉద్యమచరిత్రను తెలంగాణా ఆంధ్రోద్యమమను పేర రెండు భాగములుగా రచించి, తరువాతివారికి అందజేసిరి. ఆ గ్రంథము ఇప్పటికిని చరిత్రకారులకు ఆధారముగా నున్నది.

1948లో హైదరాబాదు భారతదేశములో చేరినది. 1951లో హనుమంతరావుగారు హైదరాబాదు నగరమునకు మొట్టమొదటి మేయరుగా ఎన్నికైరి. ఏ నగరమున తమ భాష వినిపించుటయే నవ్వులపాలైనదో, ముప్పదియేండ్లకు ఆ నగరమునకే వారు ప్రథమపౌరులైరి. అప్పటికి వారి వయస్సు అరువదియారేండ్లు. 1955లో భారతప్రభుత్వము వారిని పద్మభూషణ బిరుదముతో సత్కరించెను. 1958లో ఆంధ్రప్రదేశ్ శాసనమండలి ఏర్పడినప్పుడు వారు దానికి అధ్యక్షులైరి. పదవులు వచ్చినను వారి నిరాడంబరత మారలేదు. 1970వ సంవత్సరము నవంబరు 11వ తేదీన, ఎనుబదియైదేండ్ల వయస్సున, వారు పరమపదించిరి.

హనుమంతరావుగారు గొప్ప శౌర్యకార్యములు చేసినవారు కారు. వారు చేసినవి చూచుటకు చిన్నవిగా కన్పట్టు పనులు. ఒక భాష నేర్చుట, ఒక పుస్తకము చదువుట, ఒక గ్రంథాలయము తెరచుట, ఒక ఉత్తర్వును తెలుగు చేయుట, ఒక బాలికను బడిలో చేర్చుట. కాని ఆ పనులను వారు అరువదియేండ్లపాటు విడువక చేసిరి. ఆత్మవిశ్వాసమనగా తనను తాను పొగడుకొనుట కాదు. నేడు చేతగానిది అభ్యాసమువలన రేపు చేతనగునని నమ్మి, ఆ అభ్యాసమును నేడే మొదలుపెట్టుట. వారి జీవితమున ఆ నమ్మకము మొదట ఒక గుమాస్తాను న్యాయవాదిగా చేసినది. పిదప ఒక పాఠశాలను నిలబెట్టినది. తుదకు మాటాడుటకే జంకిన జనులకు తల యెత్తి నిలుచు ధైర్యము నిచ్చినది.

నేటికిని అశోక్‌నగరు చెంతనున్న నగర కేంద్ర గ్రంథాలయములో పల్లెలనుండి వచ్చిన యువతీయువకులు ఉదయమునుండి రాత్రివరకు పుస్తకములు ముందుంచుకొని చదువుకొనుచుందురు. వారిలో పెక్కురు పేదలు, తమ యిండ్లలో మొదటిసారిగా ఉన్నతవిద్యకు వచ్చినవారు. హనుమకొండలో పగటి కొలువు ముగించుకొని పుస్తకములు పట్టిన ఆనాటి యువ గుమాస్తాకు వారందరును వారసులే.